కప్పలత్త తెరిచి చూసిన తాళం

మా మేనత్త చేసిన తాళంకప్పని ఒక దొంగ మూడు రోజులు గింజుకున్నా తెరవలేక, నాలుగో రోజు పొద్దున్నే గడ్డం పెరిగిన మొహంతో ఆవిడ గుమ్మంలోకే వచ్చి, "అమ్మా, ఒక్కసారి తాళంచెవి ఇప్పిస్తారా" అని అడిగాడు. ఇది నా లెక్క. అత్తనడిగితే మూడు రోజులు కాదు, ఒక పూటే అంటుంది. ఆవిడకి గొప్పలు చెప్పుకోవడం చేతకాదు. మా వంశంలో ఆ బరువంతా నా ఒక్కడి మీదే పడింది.

వీధిలో అందరూ ఆవిడని కప్పలత్త అంటారు. ముప్పై ఏళ్లుగా తాళంకప్పలే చేస్తోంది మరి. పొడుగాటి రేకుల షెడ్డు, కిటికీ కింద బల్ల, బల్ల మీద వరసగా లోహాన్ని అరగదీసే ఆకురాళ్లు, పదకొండు మంది పనివాళ్లు. నేను పన్నెండోవాణ్ని. ఏడో తరగతిలో చదువు నన్ను వదిలేసి వెళ్లిపోయింది, నేనూ దాని వెంటపడలేదు. అప్పట్నుంచీ అత్త దగ్గరే తాళాలకి మెరుగు పెడుతూ నలభై దాటేశాను.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. తెరిచి చూడని తాళం గురించి ఎవరూ మాట్లాడకూడదు. "వాడి తాళం ఉత్త డొల్ల" అని ఎవరైనా అన్నారో, అత్త తలెత్తకుండానే "తెరిచావా?" అంటుంది. తెరవలేదంటే, ఆ రోజు నేల మీద రాలిన ఇత్తడి రజను ఊడ్చే పని వాళ్లది. ఇన్నేళ్లలో నేను ఊడ్చిన రజను కరిగించి పోత పోస్తే ఊరి చుట్టూ గోడ కట్టొచ్చు, అందులో ఒక గుమ్మం కూడా వస్తుంది.

షెడ్డుకి వెనక గోడ ఉమ్మడిది. గోడకి అవతల అత్త మరిది స్ప్రింగుల షెడ్డు. మామయ్య పోయాక స్థలం పంచుకున్నారు గానీ గోడ మాత్రం పంచుకోలేదు, ఇద్దరికీ అదే. తాళం లోపల కొక్కేన్ని పైకి తన్నే చిన్న స్ప్రింగు ఆయనే చుడతాడు. ఆయనది ఎడమచేతివాటం. మొదట్లో ఒక పాత యంత్రం కొని, తీగని అలవాటుగా ఎడమవైపునుంచి ఎక్కించాడు. లోకంలో స్ప్రింగులు ఒక వైపుకి తిరిగితే, ఆయన స్ప్రింగు రెండో వైపుకి తిరుగుతుంది. పని మాత్రం ఒకటే. "నొక్కేవాడికి మెలిక ఎటుంటే ఏమిటి?" అని ఆయనా దాన్ని మార్చలేదు.

ఇక అసలు సంగతి. మా దేశం, చుట్టుపక్కల ఆరు దేశాలు కలిసి ఒక వ్యాపార కూటమి. ఒకరి సరుకు ఇంకొకరి గడపలోకి సుంకం లేకుండా పోతుంది. ఉమ్మడి కాపురంలాంటిది. అయితే ఉమ్మడి కాపురంలో బయటివాళ్లతో బేరం ఎవరికివారు ఆడకూడదు, అందరూ కలిసే ఆడాలి. ఆ కూటమి ఇప్పుడు ఎక్కడో దూరానున్న ఒక పెద్ద దేశంతో ఒప్పందం చేసుకోబోతోంది. ఆ దేశం తాళాలు సుంకం కట్టి వస్తేనే మా ధరలో సగానికి దొరుకుతున్నాయి. సుంకం కూడా పోయిందంటే మేం తాళాలు చేసుకుని మా షెడ్లకే వేసుకోవాలి.

అందుకని కూటమిలోంచి బయటికి రావాలా, ఉండాలా అని దేశమంతా ఒకటే గోల. నేనైతే టీకొట్టు దగ్గర అప్పటికే మూడుసార్లు దేశాన్ని బయటికి లాగేశాను. ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసి, ఊరూరా తిరిగి ఒక్కో వృత్తివాళ్లనీ అడిగి రమ్మంది. మా తాళాలవాళ్లు సమావేశం పెట్టుకున్నారు. అరవై రెండు షెడ్లు, అరవై రెండు చేతులు, బయటికి రావాల్సిందేనని. అందరికంటే చివర లేచింది అత్త మరిది చెయ్యి, ఎడమది. మాట్లాడే పని అత్తకి అప్పగించారు. పెద్దావిడ, పైగా మా తాళాలవాళ్ల సంఘానికి అధ్యక్షురాలు. "ఆ చెత్త తాళాలు మన గడప తొక్కడానికి వీల్లేదు" అని ఆవిడ అంటే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే ముందు.

విచారణ రేపనగా, పై వీధి కొట్లో ఒక దూరదేశం తాళం కొనుక్కొచ్చి అత్త బల్ల మీద పెట్టాను. అలాంటివాటిని ఆవిడ షెడ్డులోకి రానివ్వదు. ఊరికే ఏడిపిద్దామని అడిగాను.

"రేపు అంతమందిలో దీన్ని ఉతికి ఆరేస్తావు కదా అత్తా, తెరిచావా?"

పదకొండు ఆకురాళ్లూ ఒక్కసారి ఆగిపోయాయి. అత్త నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తాళాన్ని బిగించి, రివెట్లు తొలిచి, పైరేకు లేపింది.

"రేకు కాదిది, కాగితం. చెవి దూరే చోటు చూడు, పిల్లి కన్నంత ఉంది. ఒరేయ్, ఈ తాళం వేసుకుని పడుకునేవాడు వాకిలి తెరుచుకుని పడుకున్నా ఒకటే." ఆవిడకి హుషారొచ్చింది. ఇంతలో కొక్కెం కింద స్ప్రింగు ఎగిరి బల్ల మీద పడింది. తీసి అరచేతిలో దొర్లించింది. కిటికీ వెలుగులో పట్టుకుని ఒక కొసనుంచి గోటితో మెలికల వెంట పోయింది. ఆ మెలిక ఎడమది.

గోడ అవతల యంత్రం చప్పుడు వినిపిస్తోంది. నెలరోజులుగా అది భోజనాల వేళ కూడా ఆగడం లేదు. మన తాళాలకి మంచిరోజులు వస్తున్నాయేమోనని అత్తే అంటుండేది.

స్ప్రింగుని కొంగున ముడేసుకుంది. తర్వాత మూలనున్న చీపురు తీసి, షెడ్డంతా ఈ చివరనుంచి ఆ చివరకి తనే ఊడ్చింది. నేను చీపురు అందుకోబోతే మోచేత్తో తోసేసింది. అందరం కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాం. ఊడ్చడం అయ్యాక పక్క షెడ్డుకి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. అలాంటి చోట నేను లేకపోతే రేపు ఊరికెవరు చెప్తారు?

ఆయన యంత్రం ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అత్త స్ప్రింగు తీసి చూపించింది. ఆయన చూసీ చూడనట్టు చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లయింది వదినా. పక్కదేశం రేవులో ఒకాయన కొంటాడు. సరిహద్దు దాటడానికి మనకి సుంకం లేదుగా. అక్కణ్నుంచి ఆ దూరదేశానికి ఓడెక్కుతాయి."

"మరి మొన్న చెయ్యెందుకెత్తావయ్యా?"

"నువ్వెత్తావుగా."

"నేనెత్తితే?"

"నువ్వెత్తాక నేనెప్పుడు దించాను వదినా? నీ తాళాలకి నెలకో బస్తా స్ప్రింగులు. వాళ్లకి పాతిక. బయటికొస్తే సుంకం పడుతుంది, ఆయన ఇంకెవరి దగ్గరో కొనుక్కుంటాడు. నా దగ్గర పంతొమ్మిదిమంది ఉన్నారు. అలాగని నీ షెడ్డు మూతపడితే, నేనీ గోడకి ఇవతల కూర్చుని అన్నం తినగలనా?"

అత్త స్ప్రింగుని మళ్లీ కొంగున ముడేసుకుంది. "చెప్పొచ్చుగా, మూగమొద్దూ" అంది.

"నువ్వు తెరుస్తావనుకోలేదు," అన్నాడాయన.

ఆ మాట అత్తకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. దారిలో నాతో అంది, "మన ఇత్తడి ఎక్కణ్నుంచి వస్తోందిరా?" పక్కదేశం నుంచి అన్నాను. "దానికీ సుంకం పడుతుంది కదా. అదీ ఆలోచించలేదు నేను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనలాంటివాళ్లని చూసే అనుంటారు."

మర్నాడు పొద్దున్న విచారణ. పెద్ద గది, పొడుగు బల్ల, బల్ల వెనక అయిదుగురు. మధ్యలో కళ్లజోడు ఆయన. వెనక కుర్చీల్లో మా అరవై రెండు షెడ్లవాళ్లూ.

"ఒక్క మాటలో చెప్పండమ్మా. ఉండాలా, బయటికి రావాలా?"

అత్త విప్పిన తాళాన్ని బల్ల మీద పెట్టింది. స్ప్రింగుని ఆయన కాగితం మీద పెట్టింది.

"ఇది ఆ దేశం తాళం. ఈ స్ప్రింగు మా గోడ అవతలిది. బయటికి రావాలని చెప్పమని నన్ను పంపారు. మొన్నటిదాకా నేనూ అదే అన్నాను, దీన్ని తెరవకుండా. మీరు ఆ ఒప్పందం తెరిచారా బాబూ?"

"తొమ్మిది వందల పేజీలమ్మా. మాకు సారాంశం ఇచ్చారు. నాలుగు పేజీలు."

"అందులో తాళాలున్నాయా?"

ఆయన తిరగేసి తిరగేసి, "ఇతర లోహ వస్తువులు అని ఉంది" అన్నాడు.

"మా షెడ్డులో అయితే ఇప్పుడు మీకు చీపురు ఇచ్చేదాన్ని."

వెనక ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు.

"ఆ సరుకొస్తే నా షెడ్డు మూతపడొచ్చు. తెలిసే చెప్తున్నాను. బయటికొస్తే ఇత్తడికి సుంకం, స్ప్రింగుకి సుంకం. అప్పుడు గోడకి రెండువైపులా మూతపడుతుంది. ఇంట్లో ఉన్నంతకాలం పోట్లాడొచ్చు. వేరుపడ్డాక వీధిలో నిలబడి అరవాల్సిందే. ఉండండి. ఉండి, ఆ 'ఇతర' కొట్టేసి తాళం అని రాయించండి. మేం నిలదొక్కుకునేదాకా దాని సుంకం దానికి ఉంచమనండి. అది మీ చేత కాకపోతే మళ్లీ రండి. అప్పుడు నేను వేరే మాట చెప్తాను."

ఆ మాటకి కళ్లజోడు ఆయన కుర్చీలోంచి వెనక్కి పడిపోయాడని నేను టీకొట్టు దగ్గర చెప్తుంటాను. పడలేదు. ఆ స్ప్రింగుని జాగ్రత్తగా పక్కకి జరిపి రాసుకున్నాడు.

బయటికి రాగానే మావాళ్లు చుట్టుముట్టారు. "పంపింది ఒకందుకు, చెప్పింది ఇంకొకటి" అన్నాడొకాయన. అది నిజమే. "మరిది కోసం ఊరిని అమ్మేసింది" అన్నాడు ఇంకొకాయన. ఆ సాయంత్రమే అత్త అధ్యక్షురాలి ముద్ర తెచ్చి సంఘం గది బల్ల మీద పెట్టేసింది. కొన్నాళ్లు ఆ వీధిలో మమ్మల్ని పలకరించినవాళ్లు తక్కువ.

ఏడాది దాటింది. మా దేశం ఇంకా కూటమిలోనే ఉంది. ఒప్పందం మీద ఇంకా సంతకాలు కాలేదు. 'ఇతర' అన్న మాట మారిందో లేదో ఎవరికీ తెలియదు. పదకొండుమందిలో ముగ్గురు వేరే పని చూసుకున్నారు. అత్త చేసింది తప్పా ఒప్పా అని నన్నడిగితే, టీకొట్టు దగ్గర మాత్రం ఒప్పేనని బల్ల గుద్ది చెప్తాను. ఒక్కణ్నే ఉన్నప్పుడు అంత గట్టిగా గుద్దలేను.

నిరుడు విచారణ అయిన మర్నాటి సంగతి ఒకటి మిగిలింది. ఎప్పుడూ బండి మీద పంపే స్ప్రింగుల బస్తాని ఆ రోజు మరిదే భుజాన వేసుకొచ్చి అత్త బల్ల పక్కన దించాడు. పోకుండా నిలబడ్డాడు. అత్త బస్తా మూతి విప్పి ఒక స్ప్రింగు తీసి, వేళ్ల మధ్య తిప్పింది.

"ఇంకా ఎడమే చుడుతున్నావా?"

"రేవు ఆయన కుడికి మార్చమంటున్నాడు వదినా. మార్చనా?"

"మార్చకు," అంది అత్త. "ఏ తాళం పొట్టలో ఉన్నా మనవాడు మనకి తెలియాలి."

స్ప్రింగుని బల్ల మీదున్న తాళంలో పెట్టి, పైరేకు మూసి, ఆకురాయి అందుకుంది.