బాబాయి కాలి మీద సుద్దగీత

మా బాబాయి ముప్పై ఏళ్లుగా ఇళ్లకు రంగులు వేస్తున్నాడు. నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, కప్పు అంచు వెంట చెయ్యి వణక్కుండా బ్రష్షు నడపడం ఆయన ప్రత్యేకత. పోయిన ఏడాది ఆ నిచ్చెన మీదే ఆయన ఎడమ తొడ వెనక కండరం చిరిగింది. గాయం మానింది గానీ బలం రాలేదు. కాలు కుదిరిందని ఫిజియోథెరపిస్టు రాసిస్తే తప్ప నిచ్చెన ఎక్కనివ్వనని మేస్త్రీ తేల్చేశాడు. అందాకా కింద కూర్చుని రంగులు కలపాలి. బాబాయికి తల తీసేసినట్టయింది.

ఇంట్లో వాడమని ఫిజియోథెరపిస్టు ఒక చిన్న యంత్రం ఇచ్చింది. దాని జిగురు బిళ్లలు రెండు తొడ వెనక అంటిస్తే, కండరం ఎంత పనిచేస్తున్నదీ తెర మీద అంకెగా కనబడుతుంది. వెల్లకిలా పడుకుని, మడమలు కుర్చీ మీద ఆనించి, నడుము ఎత్తాలి. అంకె అరవై దాటితే సంతకం పెడతానంది.

వారం తిరిగేసరికి ఇంట్లో అరవై ఐదు. క్లినిక్‌లో అదే యంత్రం ముప్పై చూపించింది.

"అది కూడా నాలాగే క్లినిక్కంటే బెదురుతోంది," అన్నాడు బాబాయి.

పిన్ని దర్జీ. కుట్టు ఆపి, కళ్లజోడు పైకి నెట్టింది.

"బిళ్లలు ఎక్కడ అంటిస్తున్నారు?"

"నా వెనక నాకేం కనబడుద్ది? చేతికందిన చోట."

"ఏదీ, బోర్లా పడుకోండి."

మెడలోని టేపు తీసి, కూర్చునే ఎముక నుంచి మోకాలి మడత దాకా కొలిచి, సరిగ్గా సగానికి సుద్దతో అడ్డగీత గీసింది. బాబాయి బిళ్లలు ఆ గీతకు బాగా పైన, పిరుదు అంచున ఉన్నాయి.

"ఇన్నాళ్లూ మీరు బలపరిచింది కూర్చునే భాగాన్ని. ఏడాదిగా దానికి కూర్చునే పనేగా."

గీత మీద అంటిస్తే ఇంట్లోనూ ముప్పయ్యే. బాబాయి ముఖం చిన్నబోయింది.

"అరవై ఐదే బాగుండేది."

"కొలత తప్పితే కుట్టెంత బాగున్నా చొక్కా పట్టదు. ఊఁ, మడమలతో కుర్చీని మీవైపు లాగండి. ఆ తర్వాతే నడుము."

ఆనాటి నుంచి రోజూ కాఫీ కంటే ముందు సుద్దగీత. పిన్ని తెర పట్టుకుని అంకె చదివేది; పట్టు సడలితే "జారింది" అనేది, అంతే. ముప్పై నాలుగైంది. ఒక వారం ముప్పై ఒకటికి దిగింది. ఆ తర్వాత మెల్లగా మళ్లీ ఎక్కింది. తొమ్మిదో వారానికి క్లినిక్‌లో అరవై రెండు. ఫిజియోథెరపిస్టు సంతకం పెట్టి, వెంట వచ్చిన పిన్నిని ఒక సుద్దముక్క అడిగి తీసుకుంది.

మర్నాడు బాబాయి పొట్టి నిక్కరుతో నిచ్చెన ఎక్కుతుంటే మేస్త్రీ కింద నుంచి అడిగాడు:

"కాలి వెనక ఆ గీతేంటయ్యా?"

"మా ఆవిడ గుర్తు. చెరిపితే మళ్లీ మొదటి నుంచి కొలుస్తుంది."

ఎడమకాలు ముందు పెట్టి, పైమెట్టు ఎక్కాడు.