రెండో వైపు మూడో పాట

ఆదివారం భోజనం అయ్యాక మా వంటింట్లో కుళాయి తిప్పకూడదు. పెళ్ళయిన కొత్తలో ఎలియో పెట్టిన నియమం అది. ఎంగిలి పళ్ళాలు తొట్టిలో అలాగే పడి ఉండేవి. కాఫీ ముందే కాచేసి పెట్టాలి. అతను చేతులు కడుక్కుని, శుభ్రంగా తుడుచుకుని, అలమారలోంచి రికార్డు తీసి, అంచులు మాత్రమే పట్టుకుని జాగ్రత్తగా పెట్టేవాడు. ఇక రెండు వైపులూ పూర్తయ్యేదాకా నేను నోరు విప్పకూడదు, గిన్నె కదపకూడదు. ఇప్పుడు తిన్న వెంటనే కడిగేస్తున్నాను. ఒక పళ్ళెం, ఒక గరిట. నీళ్ళ చప్పుడు ఇల్లంతా వినిపిస్తుంది.

మా ఊరు ఓడలు కట్టే ఊరు. ఇక్కడి మగవాళ్ళలో యార్డు గేటు దాటి లోపలికి వెళ్ళనివాడు అరుదు. ఎలియో పద్నాలుగేళ్ళకే వెళ్ళాడు. ఓడ పొట్టలో ఆవిరి గొట్టాలుంటాయి, వాటి వేడి బయటికి రాకుండా తెల్లటి రాతినార పీచు చుట్టాలి. అదీ అతని పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లబడి ఉండేవి. పిండిమరలో పనిచేసేవాడిని చేసుకున్నావా అని మా అక్క ఎగతాళి చేసేది. ఆ బట్టలు బాల్కనీలో దులిపి, ఉతికి ఆరేసింది నేనే.

ఎలియో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బార్‌లో పేకాట ఆడేవాడు, ఓడిపోతే నవ్వేవాడు, సార్డీన్ చేపలు వేయిస్తే తోకలతో సహా తినేవాడు. చెప్పుకోవలసిన సంగతి అతనికి ఒక్కటే ఉండేది, ఆ రికార్డు. మా ఊరి కుర్రాళ్ళు నలుగురు డెబ్బైల్లో చేసిన పాటలవి. ఒక్కటే రికార్డు చేసి విడిపోయారు. దాని పేరు 'గాలిగొట్టం'. అట్ట మీద తలకి ఇత్తడి డిప్ప తొడుక్కున్న గజ ఈతగాడి బొమ్మ ఉంటుంది.

అది విడి విడి పాటల రికార్డు కాదు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకటే కథ. ఓడల కింద నీళ్ళలోకి దిగి మరమ్మతు చేసే తీనో అనేవాడి కథ. మొదటి వైపు అతని చిన్నతనం, పెళ్ళి, మొదటిసారి నీళ్ళలోకి దిగడం. రెండో వైపు ఒకే ఒక్క రోజు. పైన పంపు ఆడుతూ గొట్టంలోంచి గాలి పంపుతుంటుంది. గొట్టం పాతబడిందని తీనో ముందే చెప్పాడు, ఎవరూ వినిపించుకోలేదు. గట్టు మీద భార్య నిలబడి ఉంటుంది. చివరి పాటలో మాటలుండవు. పంపు చప్పుడు, ఊపిరి చప్పుడు. ముందు ఊపిరి ఆగుతుంది. పంపు మాత్రం ఆడుతూనే ఉంటుంది.

నేను చదివింది ఐదో తరగతి. నవలలూ అవీ నాకు తెలియవు. కానీ ఆ గట్టు మీద నిలబడ్డ ఆడదాని గురించి నాకు తెలిసినంత మా అక్క గురించి కూడా తెలియదు. ఆమె ఏ రంగు కోటు వేసుకుందో పాటలో ఎక్కడా లేదు. అయినా నాకు కనిపిస్తుంది, బూడిదరంగుది, మోచేతుల దగ్గర అరిగిపోయింది. ఆదివారం ఆదివారం అదే కథ. ప్రతిసారీ ఈసారైనా ఎవరో ఒకరు అతన్ని పైకి లాగుతారేమో అనిపించేది.

ఊళ్ళో జనానికి మాత్రం ఆ రికార్డులో ఒక్క పాటే తెలుసు. రెండో వైపు మూడోది, 'నీళ్ళు నిమ్మళించాయి'. రాగం తేనెలా ఉంటుంది. రేడియోలో వేశారు, బార్‌లో వేశారు, ఆ తరువాత పెళ్ళి డాన్సుల్లో అది లేకుండా ఊరుకునేవారు కారు. అది మొదలవగానే ఎలియో సిగరెట్ పట్టుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. ఒకసారి చలిలో అతని వెనకే వెళ్ళాను.

"లోపల నీ పాటే వేశారు, ఇక్కడేం చేస్తున్నావు?"

"అందుకే ఇక్కడున్నాను, ముసల్దానా." మా వైపు మొగుళ్ళు పెళ్ళయిన మర్నాటి నుంచే అలా పిలుస్తారు.

"అందరూ ఎంత ముచ్చటగా ఆడుతున్నారో చూడు."

"ఆ పాట పాడేదెవరో తెలుసా వీళ్ళకి? తీనో మేస్త్రీ. గట్టు మీదున్న పెళ్ళాంతో, నీళ్ళు నిమ్మళించాయమ్మా, నీ మొగుడు హాయిగా నిద్రపోతున్నాడు, నువ్వు ఇంటికెళ్ళు అంటాడు. అప్పటికి వాడికి గొట్టం తెగిందని తెలుసు. వీళ్ళు దానికి నడుములు పట్టుకుని ఊగుతున్నారు."

కాసేపు పొగ వదిలి మళ్ళీ తనే అన్నాడు. "మా మేస్త్రీ గొంతు కూడా అంత తియ్యగానే ఉండేది. రోజూ తలా ఒక గ్లాసు పాలిచ్చి, తాగండిరా, దుమ్మంతా కిందికి జారిపోతుంది అనేవాడు. తాగాం."

దుమ్ము ఎక్కడికీ జారలేదు. పని మానేసిన ఎన్నో ఏళ్ళకి ఎలియో ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో తేలింది. అప్పటికే అతనితో కలిసి పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఊరి బ్యాండు శవయాత్రలకి వెళ్ళి వెళ్ళి పెళ్ళి పాటలు మరిచిపోయిందని బార్‌లో చెప్పుకునేవారు. పోయినవాడికి ఇష్టమైన పాట బ్యాండు వాయిస్తూ శ్మశానం దాకా నడవడం మా దగ్గర ఆనవాయితీ.

చివరి నెలల్లో పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. కుర్చీలోనే దిండ్లు పెట్టి కూర్చోబెట్టేదాన్ని. ఒక ఆదివారం రికార్డు అయిపోయాక, ముల్లు గరగరమంటుంటే, అన్నాడు.

"మన బ్యాండు ఉగో నా శవం వెనకాల ఆ మూడో పాట ఊదుతాడు, చూస్తూ ఉండు."

"అలాంటి మాటలెందుకు?"

"నా రికార్డని వాడికి తెలుసు, నా పాట అనుకుంటాడు వెధవ. వాడి బూర లాక్కో." నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక నా చెయ్యి పట్టుకున్నాడు. "మేస్త్రీ గొంతుతో నన్ను పంపకు, నెరీనా."

పేరు పెట్టి పిలిచాడు. అంతకుముందు ఎప్పుడు అలా పిలిచాడో గుర్తు లేదు.

ఎలియో పోయిన మర్నాడు పొద్దున్నే ఉగో వచ్చాడు. యార్డులో ఎలియో జతగాడు, బ్యాండులో పెద్ద బూర అతనిదే. టోపీ తీసి, ముక్కు చీదుకుని, వంటింట్లో నిలబడ్డాడు.

"అంతా మాట్లాడేశాను నెరీనా. నువ్వేం బెంగపెట్టుకోకు. చర్చి మెట్ల దగ్గర మొదలుపెడతాం. 'నీళ్ళు నిమ్మళించాయి'. నిన్న సాయంత్రం ఒకసారి వాయించి చూసుకున్నాం కూడా. పిల్లనగ్రోవి వాయించే ముసలాడు ఏడ్చేశాడంటే నమ్ము."

"అది వద్దు, ఉగో."

"వద్దా? ఎలియోకి ప్రాణం కదా అది!"

"ఆ రికార్డు ప్రాణం. ఆ పాట కాదు."

"రెండూ ఒకటే కదే! దుఃఖంలో ఉన్నావు, నీకిప్పుడేం తోచదు. ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంది, ఇంకేం కావాలి? నా పెళ్ళిలో మేం ఆడింది దానికే తెలుసా, మా ఆవిడ ఇప్పటికీ అంటుంది."

నాకు వాదించడం రాదు. ఎవరితోనూ వాదించి ఎరగను. మర్నాడే అంత్యక్రియలు. ఇప్పుడు తలూపితే ఎలియో ఆ పాట వెనకాలే గోతిలోకి దిగుతాడు.

"నువ్వు రికార్డంతా ఎప్పుడైనా విన్నావా?" అన్నాను.

"అంతా అంటే... ఆ పాట విన్నాను కదా."

"కూర్చో."

"ఇప్పుడా? నాకు అవతల బ్యాండు జెండా ఇస్త్రీ..."

"కూర్చో, ఉగో."

కూర్చున్నాడు. రికార్డు నేనే పెట్టాను. మొదటి వైపు సగం దాకా టోపీ తిప్పుతూ, కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. తీనో పెళ్ళి పాట దగ్గర కాలు ఆడించాడు. రెండో వైపు తిప్పాను. తీనో గొట్టం గురించి చెబుతున్నాడు, మేస్త్రీ పనికి తొందరపెడుతున్నాడు. ఉగో టోపీ ఒళ్ళో పెట్టేశాడు. గొట్టం తెగిన పాట అయిపోయి మూడోది అందుకోగానే, అలవాటుకొద్దీ సన్నగా గొంతు కలిపాడు. రెండు చరణాలు దాటలేదు. గొంతు ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది.

పంపు చప్పుడు అయిపోయేదాకా ఇద్దరం కదల్లేదు.

"ఈ పాట పాడేది వాడా?" అన్నాడు చివరికి.

"వాడే."

"పాలు తాగమన్నట్టే ఉంది."

"ఎలియో కూడా అదే అనేవాడు."

మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. లేచేటప్పుడు దగ్గాడు. ఆ దగ్గు నాకు కొత్త కాదు. అతను నా మొహంలో అది చదివి కళ్ళు తిప్పుకున్నాడు.

"బ్యాండువాళ్ళకి ఏం చెప్పను?"

"రమ్మని చెప్పు. ఊదొద్దని చెప్పు."

వచ్చారు. బూరలు, డప్పులు మెరిసేలా తుడుచుకుని వచ్చారు. చర్చి నుంచి శ్మశానం దాకా వాటిని చేతుల్లో పట్టుకుని ఊరికే నడిచారు. రాళ్ళ మీద చెప్పుల చప్పుడు, బండి చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా వెనక ఎవరో ఆడమనిషి, "ఇదేం చోద్యమమ్మా, పాట కూడా లేకుండా," అంటే, ఉగో వెనక్కి తిరిగి, "నోర్మూసుకుని నడు," అన్నాడు. నడక మధ్యలో అతను రెండుసార్లు దగ్గాడు. అందరూ విన్నారు.

మట్టి వేసేశారు. అందరూ వెళ్ళిపోయాక పూలచక్రాలు సమాధి మీద సర్దడం ఇంటి ఆడదాని పని. మా అక్కది పెట్టాను, బార్‌వాళ్ళది పెట్టాను, బ్యాండువాళ్ళది తల వైపు పెట్టాను. గోడకి ఇంకొకటి ఆనించి ఉంది, అన్నిటికంటే పెద్దది, తెల్ల లిల్లీలు. దాని రిబ్బను మీద యార్డు పేరు, 'ప్రశాంతంగా నిద్రించు' అని బంగారు అక్షరాలు.

"అమ్మా, ఇదొక్కటి మిగిలిపోయింది," అన్నాడు గోతులు తవ్వే మనిషి. "పట్టుకోమంటారా? బరువుంది."

"వద్దు," అన్నాను.

చేతులకంటిన మట్టి దులుపుకుని, కోటు బొత్తాలు పెట్టుకున్నాను. చక్రం గోడ దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంది. గేటు వైపు నడిచాను.