ప్రార్థన చీటీలో రాసిన తారీకు

నా భర్త సైన్యంలో హవల్దారుగా ఉన్న రోజుల్లో నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. అతను నా మేనత్త కొడుకే. అత్తా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం.

ఒక సాయంత్రం అతను ఫోన్ చేసి యూనిట్ కదులుతోందన్నాడు. స్పెషల్ రైలు ఏ తారీకున, ఎక్కడ ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో చెప్పాడు. చలిబట్టలు ఇంకా అందరికీ రాలేదని, పాతవే సర్దుకుంటున్నామని కూడా అన్నాడు. పెట్టేసే ముందు ఏమన్నాడన్నది మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ తేలలేదు. "ఎవులికీ సెప్పకు" అన్నానని అతనంటాడు. "అమ్మకి సెప్పకు, బెంగెట్టుకుంటాది" అని మాత్రమే అన్నాడని నేనంటాను.

మా చర్చిలో గురువారం స్త్రీల సమాజం కూడికలో ప్రార్థన చీటీలు తీసుకుంటారు. మనవి ఏదైనా వివరంగా ఉండాలని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. అందుకని రైలు తారీకు రాశాను. ఎక్కే చోటు, దిగే చోటు రాశాను. చలిబట్టలు చాలలేదని, త్వరగా అందాలని రాశాను. పాస్టరుగారిని మేమంతా అయ్యగారు, ఆయన భార్యని అమ్మగారు అంటాం. ఆవిడ నా చీటీ కళ్లు తుడుచుకుంటూ చదివింది. ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఆ గ్రూపులో సోంపేట వాళ్లున్నారు, ఇచ్ఛాపురం వాళ్లున్నారు. వాళ్లలో ఒకామె అల్లుడు కూడా సైన్యంలోనే ఉన్నాడు. ఆమె ఆ మెసేజ్ అతనికి పంపింది, అతను పైవాళ్లకి చూపించాడు. నాలుగోనాడు నా భర్త ఫోన్ చేశాడు.

"ఏటి రాసినావు?" అన్నాడు. పలకరింపు లేదు.

"ఎక్కడ?"

"చర్చిలో. ఏటి రాసినావు, ఎవులికిచ్చినావు, సరిగ్గా సెప్పు. పక్కన సాబ్ ఉన్నాడు."

చెప్పాను. "అది రహస్యమని నువ్వు అనలేదు కదా బావా" అన్నాను.

"రహస్యం కాదు. దానిమీద సీక్రెట్ అని ముద్ర లేదు. అయినా బయటికి పోకూడదు. ఏ రైలు, ఏ తారీకు, మాకాడ ఏటి తక్కువయింది, అన్నీ ఒకచోట సేర్చి పెట్టినావు. ఎదుటోడికి ఇంకేటి కావాల?"

"స్టేషన్లో పోర్టర్లకి తెలీదేటి రైలు సంగతి?"

"పోర్టరు వాట్సాప్‌లో పెట్టలేదు" అని ఫోన్ పెట్టేశాడు.

తరవాతి వారం ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. యూనిఫాం లేదు. ఒకాయన హిందీ మాట్లాడాడు, రెండో ఆయన మా ఇద్దరి మాటలూ అటూ ఇటూ చెప్పాడు. అత్త కుర్చీలు వేసింది. టీ వద్దన్నారు. నా ఫోన్ తీసుకుని మెసేజీలన్నీ చదివారు.

"చలిబట్టల గురించి మిమ్మల్ని ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"ఎవరూ అడక్కుండా ఎందుకు రాశారు?"

"ఆయనకి చలేస్తుందని రాశాను."

హిందీ ఆయన అది కూడా రాసుకున్నాడు. అదే ప్రశ్న తిప్పి తిప్పి మూడుసార్లు అడిగారు. ముక్కూమొహం తెలియని మగవాళ్లెవరైనా ఫోన్లో పరిచయమయ్యారా అని అడిగినప్పుడు నేను గుమ్మం వైపు చూశాను. అత్త అక్కడే నిలబడి వింటోంది.

వాళ్లు వెళ్లాక, "ఎవుడే ఆడు?" అంది.

"ఎవుడూ లేడత్తా."

"లేకపోతే ఆళ్లెందుకు అడుగుతారు?"

నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి అలా అడిగింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ నెల గడవకుండానే ఆవిడ తన బట్టలు సర్దుకుని సంతబొమ్మాళిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. బస్సెక్కించడానికి కూడా నన్ను రానివ్వలేదు.

అమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఒక్క మాట, తప్పయిందనే మాట, అంటుందేమోనని వెళ్లాను.

"గ్రూపులో పెట్టమని నేను మీతో అన్నానా?" అని అడిగాను.

"వద్దని కూడా అనలేదు కదమ్మా. ప్రార్థనకిచ్చింది ప్రార్థనకే పెట్టాను. మా ఇంటికీ వచ్చి అడిగారు. నీవల్ల అయ్యగారు నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నారు."

"మీరు పెట్టినదానికి నేనా?"

"రాసింది నీ చెయ్యి" అంది. అక్కడే నిలబడి, ఆ రోజు చీటీ చదువుతూ ఆవిడ ఏడ్చిందంతా నటన అన్నాను. అనకూడదని తెలిసే అన్నాను. ఆ చర్చిలో మళ్లీ అడుగు పెట్టలేదు.

నా భర్త సర్వీసు కాగితాల్లో ఎర్ర సిరాతో శిక్ష రాశారు. ఆ రాత ఒకటుంటే పై ర్యాంకు కష్టం. నాయబ్ సుబేదారు కావలసినవాడు హవల్దారుగానే రిటైరై ఇంటికొచ్చాడు. ఈలోగా సెలవులకి వచ్చిన ప్రతిసారీ చెప్పకుండానే దిగేవాడు. ఒకసారి ఆటో చప్పుడుకి బయటికి వచ్చి, "వస్తున్నట్టు సెప్పొచ్చు కదా" అన్నాను. "సెప్తే మళ్లీ చీటీ రాసెత్తావు" అన్నాడు, ట్రంకుపెట్టె దించుకుంటూ. ఆటో అతను నవ్వాడు.

ఇప్పుడు అతను ఆదివారాలు టెక్కలి వెళ్తాడు. సైన్యంలో చేరాలనుకునేవాళ్లకి శిక్షణ ఇచ్చే చోట, ఫోన్ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్తాడు. మా బడిలో నాతో పనిచేసే ఒక టీచరు తమ్ముడు అక్కడ నేర్చుకునేవాడు. ఒకరోజు ఆమె నాతో, "మీ ఆయన భలే చెప్తారట. ఒక జవాను పెళ్లాం చర్చిలో చీటీ రాసి మొగుడి కొంప ముంచిన కథ చెప్తే అందరూ ఒకటే నవ్వట" అంది. అది నేనేనని ఆమెకి తెలీదు.

ఆ సాయంత్రం అతను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్నాను.

"నా కత సెప్తన్నావట."

"పేరు సెప్పలేదు."

"రైలు సంగతి నాకు ఎవులు సెప్పినారు? యూనిట్ నుంచి ముందు బయటెట్టింది నువ్వు. అది కూడా సెప్తన్నావా ఆళ్లకి?"

కలుపుతున్న చెయ్యి ఆగింది. "పెళ్లానికి సెప్పడం వేరు" అన్నాడు.

"వేరని మీ రూల్సులో ఉందేటి?"

లేదని అతనికీ తెలుసు. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. నేను కంచం తీయలేదు. తెల్లారి కూడా అది అక్కడే ఉంది, చీమలు పట్టి.

మరుసటి ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుని మామూలుగానే టెక్కలి బస్సెక్కాడు. ఆ కథ చెప్పడం మానేశాడో లేదో నాకు తెలీదు. ఆ టీచరు తమ్ముడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఇంకెవరినీ నేను అడగలేదు.