గీత పడని రేకు

ఆ రోజుల్లో నాకూ కుర్చీకీ పడేది కాదు. ఎనభైల నడుమ, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు; కాలు ఒకచోట నిలిచేది కాదు, నోరు అసలే నిలిచేది కాదు. మేం చేస్తున్నది చిన్న పనా? విమానానికి రాడార్ బిగించి, శత్రువు దూరంలో ఉండగానే వైమానిక దళానికి కబురందించడం! అలల గోలలో చిన్న వస్తువుని అది పోల్చుకుంటుందా అని విశాఖ సముద్రం మీద పరీక్ష పెట్టారు. పడవలో ఎత్తుగా నిలబెట్టాల్సిన రేకు (విప్పితే రాడార్‌కి స్పష్టంగా కనబడేది, మడిస్తే పీటంత) బాధ్యత, గాజువాక కుర్రాణ్ణని నాకు అప్పగించారు.

యారాడలో అందరూ సరంగు తాత అనే ముసలాయన పడవ తెచ్చాడు. రేకు ఎలా నిలబెట్టాలో ఒక్కసారి చెప్పాను. జాగ్రత్తలు మాత్రం పదిసార్లు చెప్పాను. "గవర్నమెంటు సామాను తాతా! గీత పడిందంటే నా ఉద్యోగం ఊడుతుంది. తడవకూడదు, సొట్ట పడకూడదు..." పడవ కెరటం దాటేదాకా ఒడ్డున పరిగెడుతూ అరుస్తూనే ఉన్నాను.

విమానం వచ్చింది. అందులోంచి వైర్‌లెస్‌లో మా పెద్ద ఆఫీసరు, "ఏదయ్యా పడవ? తెర మీద ఏమీ లేదు" అన్నారు.

"నాకు కనిపిస్తోంది సార్, అదుగో చుక్కలా!"

"అయితే నీ కళ్ళు పీకి విమానానికి బిగించమంటావా?"

రెండు చుట్లు తిరిగారు. లేదు. రాడార్ పనికిరాదని రాసేస్తే అంతమంది ఏళ్ళ కష్టం గంగపాలు. ఇసుకలో గొయ్యి పడేలా పచార్లు చేసి, ఉండబట్టలేక పడవని వెనక్కి రప్పించాను. రేకు లేదు! తాత నవ్వుతూ తడి వలలు ఎత్తాడు. అడుగున, గోనె చుట్టి, మడిచి ఉంది.

"ఏటి బాబూ అలా సూత్తన్నారు? గీత పడితే ఉజ్జోగం పోద్దన్నారు గదేటి? కన్నపిల్లలా సూసుకున్నాను. ఒక్క గీతుంటే సూపించండి!"

ఏడుపొచ్చింది. తప్పు ఆయనది కాదు, నా నోటిది. పోతే పోనీ అని, నా మాటలకే రేకు విప్పలేదని తాత వింటుండగానే వైర్‌లెస్‌లో చెప్పేశాను. అటునుంచి ఆఫీసరు గొంతు వినిపించింది.

"మళ్ళీ పంపించు. ఈసారి నువ్వు మాత్రం ఏమీ చెప్పకు."

నోరు మూసుకుని పంపించాను. తాత రేకు విప్పి, గెడకి కట్టి నిలబెట్టాడు. "కనిపించింది!" అని ఆఫీసరు పెట్టిన కేకకి వైర్‌లెస్ జారి ఇసుకలో పడింది. తాత మాత్రం ఒడ్డుకొచ్చి తల ఎత్తలేదు.

"రెండు గీతలు పడిపోనాయి బాబూ... మరి మీ ఉజ్జోగం?"

ఆయన్ని గట్టిగా పట్టేసుకున్నాను. ఉద్యోగం నిలిచింది. అలాంటి విమానం దళంలో చేరేసరికి నా జుట్టు నెరిసింది, చెబుదామంటే సరంగు తాత లేడు. ఇప్పటికీ ఎవరైనా బయల్దేరుతుంటే జాగ్రత్తలు మొదలుపెట్టి, ఆయన గుర్తొచ్చి సగంలో నాలుక కరుచుకుంటాను. ఎప్పుడు కరుచుకుంటారో కాస్త చెప్పండి, చూసి తరిస్తాను అంటుంది మా ఆవిడ.