పక్కింట్లో బతికిన పెరుగు

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసాలు, శ్రమ దినాలు వచ్చాయంటే లాలాగూడ రైల్వే క్వార్టర్లో మా ఇంట్లో పెరుగు బంద్. కానీ అమ్మ తోడును చావనిచ్చేది కాదు. ముందురోజు సాయంత్రం ఒక గిన్నెలో వేసి పక్కింటి ఆంటీకి అప్పగించేది. వాళ్లు హిందువులు. రోజూ తోడేసుకుంటూ ఉండి, ఈస్టర్ పొద్దున అదే గిన్నెలో తిరిగిచ్చేవారు. పెరుగును కూడా హాస్టల్లో వేసే ఇల్లు మాదొక్కటేనని నేను ఎగతాళి చేసేదాన్ని.

పోయినేడు పేగు ఆపరేషన్ తరువాత అమ్మకు ఏదీ ఒంటబట్టలేదు. డాక్టరు పాలు, పెరుగు మాన్పించాడు. నాకోసం మాత్రం రోజూ తోడేసేది. శ్రమ దినాల ముందు మళ్లీ గిన్నె పట్టుకుని బయల్దేరింది. తిండే లేని మనిషికి ఉపవాసమేమిటని కసిరాను.

"డాక్టర్ బంద్ చేయిస్తే అది పత్తెం. నేను ఇడిస్తేనే ఉపాసం," అంది.

ఆ గిన్నెలోంచి ఒక చెంచా ల్యాబుకు పట్టుకుపోయాను. మేలు చేసే బ్యాక్టీరియా ఏ చక్కెర మీద పెరుగుతుందో చూడడమే నా ఉద్యోగం. ఉల్లి, వెల్లుల్లిలో మనకు అరగని చక్కెర ఒకటుంది. మా పెరుగులోని బ్యాక్టీరియా దాన్ని తింటే, ఆ చక్కెర, బ్యాక్టీరియా రెండూ కలిపి పాలు లేకుండా అమ్మకు ఇవ్వొచ్చని, పేగు కోలుకుంటుందని ఆశ. ఇంత చదివి అలా ఆశపడకూడదని తెలుసు. పడ్డాను.

ఒక్కో ట్యూబులో ఒక్కో చక్కెర కలిపి, బ్యాక్టీరియా చుక్క వేసి వెచ్చగా ఉంచాను. పెరిగితే ట్యూబు బియ్యం కడుగులా మసకబారుతుంది. మర్నాడు చూస్తే వెల్లుల్లి చక్కెర ట్యూబు తేటగా ఉంది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. బాగా మసకబారింది పాల చక్కెర ట్యూబు. అమ్మకు పడనిది అదే. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "దానికి పాలే అలవాటు. నువ్వు పరేషాన్ గాకు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం రాకముందే అమ్మ పోయింది.

ఈస్టర్ పొద్దున నేను చర్చికి వెళ్లలేదు. తలుపు తడితే తీశాను. ఆంటీ, చేతిలో అమ్మ గిన్నె. పెరుగు గట్టిగా తోడుకుంది.

"మీ అమ్మ అప్పజెప్పింది బిడ్డా. ఒక్క దినం సుత చెడనియ్యలే," అంది.

రెండు చేతులతో అందుకున్నాను. తోడేయడానికి ఇంట్లో పాలు లేవు. చివరి రోజుల్లో అమ్మకు వాసన కూడా పడడం లేదని పాలవాణ్ణి మాన్పించింది నేనే.