ఎండకు వెలిసిన పెళ్లికూతురు

ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను, ఇక నావల్ల కాదు. విని ఊరుకోండి. ఓదార్చారంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

నారాయణఖేడ్‌లో ఒక ఫొటో స్టూడియో. అక్కడ ఇరవై ఏళ్లు కుంచెతో టచింగ్ చేశాను, ఫొటోల్లో మచ్చలు చెరపడం నా పని. కంప్యూటర్ వచ్చింది, దాని వెనకే యూసుఫ్ వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు. కిటికీ పక్కనున్న నా కుర్చీ వాడికిచ్చారు. వాడిని చూస్తే కడుపు మండేది. ఇప్పటికీ మండుతుంది, అబద్ధమెందుకు?

వాడొక పద్ధతి పెట్టాడు. హైదరాబాద్ ల్యాబ్ నుంచి ఒక పెళ్లికూతురి ఫొటో రెండు ప్రింట్లు తెప్పించి, ఒకటి మానిటర్ పక్కన అతికించాడు. రోజూ పొద్దున్నే అదే ఫొటో తెర మీద తెరిచి, రెండూ ఒక్కలా కనిపించేదాకా మానిటర్ బటన్లు నొక్కేవాడు. తెర సరిగ్గా ఉంటేనే ప్రింటు సరిగ్గా వస్తుందట. రెండోదాన్ని ఓనరు వీధివైపు అద్దాల పెట్టెలో పెట్టించాడు. ఒక్క ఎండాకాలానికే ఆమె ముఖంలో ఎరుపు వెలిసిపోయింది.

ఒక శుక్రవారం వాడు నమాజుకు వెళ్లాడు. నేను ఆ రెండు ప్రింట్లనూ మార్చేసి, వెలిసినదాన్ని మానిటర్ పక్కన అతికించాను.

కనిపెడతాడనుకున్నాను. లేదు. తన కళ్లకంటే ఆ కాగితాన్నే నమ్మి, దానికి తగ్గట్టు తెరలో ఎరుపు తగ్గించాడు. ఆపైన తెర మీద ప్రతి ముఖమూ పాలిపోయినట్టు కనబడటంతో, ఫొటోల్లో ఎరుపు పెంచాడు. నాగల్‌గిద్ద వాళ్ల పెళ్లి ఆల్బమ్ ల్యాబ్ నుంచి వచ్చేసరికి అందరి ముఖాలూ కారం పూసినట్టున్నాయి. పెళ్లికూతురి తండ్రి ఆల్బమ్‌ను బల్ల మీద విసిరికొట్టి, నోటికొచ్చినట్టు తిట్టి పోయాడు.

యూసుఫ్ నా దగ్గరికొచ్చాడు.

“అన్నా, నువ్వే జెప్పు. గా ప్రింటు, గీ తెర ఒక్కతీరుగనే ఉన్నయా?”

“ఉన్నయ్.”

“మరి గిట్లెందుకైంది?”

“నీ కండ్లే ఖరాబైనయ్. జల్దీ దవాఖానకు పో.”

వెళ్లాడు. కళ్లు బాగున్నాయన్నారట. వాడు నమ్మలేదు. నమ్మింది నన్ను! వారం తిరక్కుండా పని మానేశాడు. ఆరోజే ప్రింట్లు మళ్లీ మార్చి, నా కుర్చీలో కూర్చున్నాను. ఎందుకు చెప్పలేదు? భయమా? కాదు. వాడు తన కళ్లనే అనుమానించడం నాకు హాయిగా ఉండింది.

ఇప్పుడు కల్హేర్‌కు ఆటో నడుపుతున్నాడు. మొన్న కూతురిని బడి ఫొటోకు మా స్టూడియోకే తీసుకొచ్చాడు. ప్రింటు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

“బిడ్డ రంగు సరిగ్గొచ్చిందా అన్నా? నాకు సమజ్ గాదు.”

వచ్చిందన్నాను. నిజమే చెప్పాను. వాడు సంతోషంగా జేబులో పెట్టుకుని వెళ్లాడు. నాకు వాడి మీదే కోపమొచ్చింది.

యూసుఫ్ కళ్లకు ఏ రోగమూ లేదు. ఎప్పుడూ లేదు. ఈ మాట వాడితో అనలేదు, అంటానన్న నమ్మకమూ లేదు. మీతో అన్నాను. అంతే.