చెరిపినా పోని ఫైలు

రిటైర్మెంట్‌కు ముందటేడు వానకాలంలో నన్ను మణుగూరు దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ దవాఖానాకు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పంపారు. కూర్చోవడానికి బ్యాటరీల గదిలో స్టూలు వేశారు. కుర్చీ కావాలని రాసిచ్చాను, రాలేదు.

అక్కడ పసిపిల్లల వార్డులో ఊపిరిని నమోదు చేసే ప్రోగ్రామ్ యూనిక్స్ సర్వర్ మీద నడిచేది. ఆ రోజుల్లో నెలలు నిండకుండా పుట్టిన ఒక పాపకు ఊపిరి మధ్యమధ్యలో ఆగి మళ్ళీ వస్తోంది. అలా ఆగడం తగ్గుతోందో పెరుగుతోందో చూసి, ఆ గుంతల రోడ్డు మీద పాపను ఖమ్మం పెద్దాసుపత్రికి పంపాలో వద్దో డాక్టరమ్మ తేల్చాలి.

ఒక ఉదయం డిస్కు నిండిందని తెర మీద వస్తే, నర్సు రూతు అన్నిటికంటే పెద్ద ఫైలును చెరిపేసింది. అది పాప ఊపిరి ఫైలే.

"సర్వర్ బంద్ చేసి మళ్ళా చాలు చెయ్యిండ్రి, జల్దీ," అన్నాడు దవాఖానా మేనేజర్. కుదరదన్నాను. "ప్రింటర్లు చూసుకునేటోళ్ళకు గిదంతా ఏం తెలుస్తది?" అన్నాడు, అందరి ముందు.

ఫైలు చెరిపినా డిస్కులో జాగా పెరగలేదు. నా అనుమానం అక్కడే మొదలైంది. యూనిక్స్‌లో ఫైలు పేరు తీసేసినా, దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపు అందులోని సమాచారం ఉంటుంది. ఆపితే పోతుంది.

రూతు కళ్ళు తుడుచుకుంటూ, "నా చేతులతోనే పోగొట్టిన గద బాబాయ్," అంది.

"పోలేదు బిడ్డా. కీబోర్డు కాడికి ఎవర్నీ రానియ్యకు. మేనేజర్‌ను అసలే రానియ్యకు."

ఏడుపులోనే నవ్వింది.

నడిచే ప్రోగ్రామ్ ఏయే ఫైళ్ళు తెరిచిందో చూపే ఆదేశం ఎల్‌ఎస్‌ఓఎఫ్. అది కొట్టాను. పాప ఫైలు కనిపించింది, పక్కన చెరిపినట్టు గుర్తు. ప్రతి ప్రోగ్రామ్‌కూ దాని నంబరుతో ప్రాక్ అనే చోట ఒక డైరెక్టరీ ఉంటుంది. అక్కడి నుంచి ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను.

డాక్టరమ్మ నిదానంగా చదివింది. ఊపిరి ఆగడం తగ్గుతూ వచ్చింది. "ఎక్కడికీ పంపొద్దు. తల్లి ఎద మీద పడుకోబెట్టండి," అంది. రూతు ఆ మాట తల్లికి కోయ భాషలో చెప్పింది. తల్లి పాపను రొమ్ముకు ఆనించుకుని, ఆ చిన్న వీపు మీద అరచెయ్యి ఉంచింది. మేం చప్పుడు చేయకుండా బయటికి వచ్చాం.

తర్వాతి మీటింగులో మేనేజర్ అసలు బయలుదేరని అంబులెన్స్ డ్రైవర్‌కు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. అభ్యంతరం రాసి పంపాను. ఇప్పటికీ జవాబు లేదు, ఇప్పటికీ అడుగుతున్నాను.

ఆనాటి నుంచి ఏ ప్రోగ్రామ్‌నైనా ఆపే ముందు, అది ఏ ఫైళ్ళు పట్టుకుని ఉందో చూశాకే ఆపాను. పైవాళ్ళు ఎంత తొందరపెట్టినా ఆ వరుస మార్చలేదు.